పండుగ తిండి రోజూ తింటున్న మన పిల్లల గురించి

(అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు నల్లగొండ నుంచి బహిరంగ లేఖ)

తానా, ఆటా, నాట్స్, టీటీఏ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ముఖ్యంగా మహాసభల్లో భోజనాల బాధ్యత మోసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు,

నేను దేవరకొండ వైపు పుట్టి, కల్వకుర్తికి కోడలిగా పోయి, సైన్స్ టీచరుగా రిటైరై నల్లగొండలో స్థిరపడినదాన్ని. అటు నల్లగొండ, ఇటు పాలమూరు, రెండూ నా జిల్లాలే. ఇక్కడినుంచి అమెరికా పోయిన పిల్లలు లేని ఊరు ఇప్పుడు వెతికినా దొరకదు. ఒకప్పుడు డాక్టర్లు, పెద్ద ఇంజినీర్లు పోయేవాళ్లు. ఇప్పుడు నాలుగెకరాల రైతు కూడా ఇల్లో పొలమో తాకట్టు పెట్టి కొడుకును ఎమ్మెస్‌కు పంపుతున్నాడు. అక్కడ ఆ పిల్లలకు పెద్ద దిక్కు మీరే. అందుకే ఈ సంగతి ఏ మంత్రిగారికో రాయకుండా మీకు రాస్తున్నాను.

మన పిల్లల గుండె సంగతిని మీ సంఘాలు ముఖ్యమైన పనిగా నెత్తికెత్తుకోవాలి. ఆ పని మీ భోజనాల పందిట్లోనే మొదలుకావాలి. నేను అడిగేది ఇదే.

మనవాళ్లకు గుండెపోటు మిగతావాళ్లకన్నా ముందే వస్తుందన్నది చాలాకాలంగా రుజువైన విషయం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా దేశాల రోగులను విడిగా లెక్కగట్టి 2007లో ఫలితాలు ప్రకటించారు. మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు మన వైపు 53, మిగతా దేశాల్లో దాదాపు 59. తేడా ఆరేళ్లు. పిల్లల చదువులు, ఇంటి అప్పు, ఇక్కడి ముసలి తల్లిదండ్రులు, బరువులన్నీ భుజం మీద ఉండే ఆరేళ్లవి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లనే తీసుకుని చేసిన అధ్యయనం మరొకటి ఉంది. దాని పేరు మసాలా. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో, షికాగోలో మొదలైంది. నలభై దాటిన 906 మంది దక్షిణాసియావాళ్లను మొదట చేర్చుకుని, వాళ్ల రక్తం, రక్తనాళాలు, తిండి అన్నీ పరిశీలిస్తూ వచ్చారు. 2014లో ప్రకటించిన లెక్కల్లో, వయసు తేడాలను సరిచేసి చూస్తే, మనవాళ్లలో షుగరు 23 శాతానికి ఉంది. తెల్లవాళ్లలో 6 శాతానికే. అక్కడి చైనావాళ్లలో 13 శాతం. చైనావాళ్లూ వలస వచ్చినవాళ్లే, వాళ్లూ అన్నం తినేవాళ్లే, పిల్లల చదువు కోసం రాత్రింబగళ్లు కష్టపడేవాళ్లే. అయినా వాళ్లకన్నా మనకు ఇంత ఎక్కువ ఎందుకుంది? షుగరు వచ్చిందంటే గుండెజబ్బుకు సగం దారి పడ్డట్టే కాబట్టి ఈ ప్రశ్నను వదిలెయ్యడానికి వీల్లేదు.

కొంత మన ఒంటి తీరులోనే ఉంది. మనకు కండ తక్కువ. కొవ్వు పొట్టలోపల, కాలేయంలో చేరుతుంది. మనిషి చూడటానికి సన్నగానే ఉంటాడు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ ఉంటాయి. అందుకే అమెరికా డయాబెటిస్ సంఘం 2015 నుంచి ఆసియావాళ్లకు బాడీ మాస్ ఇండెక్స్ 23 చేరగానే షుగరు పరీక్ష గురించి ఆలోచించమంటోంది. మిగతావాళ్లకు ఆ హద్దు 25. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి 23 అంటే దాదాపు 67 కిలోలు. మన లెక్కలో అది బక్కపలచని మనిషి బరువు! 2018లో వచ్చిన అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా పుట్టుకనే ముప్పు పెంచే కారణాల్లో ఒకటిగా రాశారు.

పుట్టుకను మార్చుకోలేం. తిండి మార్చుకోగలం. అదే మసాలా అధ్యయనంలో మనవాళ్ల తిండిని మూడు తీర్లుగా విడదీశారు. మాంసాహారం ఎక్కువ ఉన్నది ఒకటి. నూనెలో వేయించిన చిరుతిళ్లు, మిఠాయిలు, వెన్న తీయని పాల పదార్థాలు ఎక్కువ ఉన్నది ఇంకొకటి. పండ్లు, కూరగాయలు, పప్పుగింజలు ఎక్కువ ఉన్నది మూడోది. రెండో తీరు తిండి తినేవాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా, మంచి కొలెస్ట్రాల్ తక్కువగా కనిపించింది. మాంసం ముట్టనివాళ్లు కూడా ఆ రెండో వరుసలో హాయిగా కూర్చోవచ్చని గుర్తుపెట్టుకోండి. మాది శాకాహారం, మాకేం భయం లేదనే ధీమా మన ఇళ్లల్లో చాలా ఉంది. మిర్చీ బజ్జీ, జిలేబీ కూడా శాకాహారమే.

ఇక్కడ జపాన్‌వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కాలిఫోర్నియాలో స్థిరపడిన 3,809 మంది జపనీయులను పరిశీలించి మార్మట్, సైమ్ అనే ఇద్దరు పరిశోధకులు 1976లో ఒక ఫలితం ప్రకటించారు. తమ సంప్రదాయాన్ని, తమవాళ్లతో పొత్తును గట్టిగా నిలుపుకున్నవాళ్లలో గుండెజబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. పూర్తిగా అమెరికా పద్ధతిలో కలిసిపోయినవాళ్లలో మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువ. మరి మనం కూడా సంప్రదాయం నిలుపుకున్నాం కదా. బతుకమ్మ ఆడుతున్నాం, ఉగాది పచ్చడి చేసుకుంటున్నాం, పిల్లలకు తెలుగు నేర్పిస్తున్నాం, శనివారం వస్తే పదిళ్లవాళ్లం కలిసి తింటున్నాం. మన గుండె ఎందుకు చల్లగా లేదు?

నా జవాబు ఇది. తిండి విషయంలో మనం నిలుపుకున్నది మన తాతల పండుగ వంటను. వాళ్ల రోజువారీ తిండిని నిలుపుకోలేదు.

మా అత్తగారి ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే మాటలు నాకు బాగా గుర్తు. పొద్దున జొన్న అంబలి. మధ్యాహ్నం చేనుకాడికి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, తొక్కు. రాత్రికి జొన్న గట్క, పచ్చిపులుసో పుంటికూర పప్పో. ఆకలైతే అలసంద గుడాలు, ఉలవ గుడాలు, కాల్చిన పల్లీలు. నూనె అంటే గానుగలో ఆడించిన కుసుమనూనె, పల్లినూనె, నువ్వుల నూనె. అదీ చెంచాతో కొలిచి పోసేవాళ్లు, ఎందుకంటే ఉన్నదే అంత. వరి అన్నం పండుగకు, పెండ్లికి, చుట్టం వచ్చినప్పుడు. సకినాలు సంక్రాంతికి. అరిసెలు, గారెలు వాటి వాటి పండుగలకు. యాటకూర పెద్ద దావత్ అయితేనే.

ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. ఆ తిండి వెనక ఆకలి ఉంది, కరువు ఉంది. పాలమూరు లేబర్ అని పేరుపడి మన జనం ఎక్కడెక్కడి డ్యాములకో కాలువలకో మట్టి మోయడానికి పోయారు. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లను మీరూ చూసి ఉంటారు. అప్పట్లో వరి అన్నం తినడమంటే గౌరవం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు భూములు వరిపొలాలయ్యాయి. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక మెట్ట ఊళ్లల్లో కూడా రోజూ అన్నం ఉడికింది. 2025 ఉగాది నాడు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గారు అదే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకాన్ని ప్రారంభించారు. మనిషికి నెలకు ఆరు కిలోలు. పేదవాడి కంచంలో సన్నన్నం పడటం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు కడుపునిండా తినేవాళ్లకు లేదు.

కానీ జొన్న పోయి తెల్లన్నం వచ్చిన ఆ ముప్పై నలభై ఏళ్లలోనే చేనిపని పోయి కుర్చీపని కూడా వచ్చింది. ఒంటికి రెండు మార్పులూ ఒకేసారి తగిలాయి. దీనికి అమెరికా దాకా పోవాల్సిన పని కూడా లేదు. హైదరాబాద్ బీహెచ్ఈఎల్‌తో పాటు లక్నో, నాగపూర్, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పల్లెలనుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్లను, పల్లెలోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను పోల్చి ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2010లో ప్రచురించారు. ఊళ్లో ఉన్న మగవాళ్లలో ఊబకాయం 19 శాతం, పట్నం వచ్చినవాళ్లలో దాదాపు 38 శాతం. షుగరు ఊళ్లో 6 శాతం, వలస వచ్చినవాళ్లలో 14 శాతం. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లకు, ఒకే పొయ్యి మీద వండింది తిని పెరిగినవాళ్లకు ఇంత తేడా వచ్చిందంటే తప్పు పుట్టుకలో ఒక్కటే లేదని అర్థం. ఊరినుంచి హైదరాబాద్‌కే ఇంతైతే, ఊరినుంచి డాలస్‌కు ఎంతవుతుందో మీరే ఆలోచించండి.

సంక్రాంతి తర్వాత ఒకసారి మా నల్లగొండలో విదేశాలకు పార్శిళ్లు పంపే కొరియర్ దుకాణంలో నిలబడి చూడండి. అట్టపెట్టెల వరుస. ప్రతి పెట్టె పక్కన ఒక తల్లి. ఒక్కో కవరు తీసి మళ్లీ సర్దుతూ ఉంటుంది. సకినాలు విరిగిపోకుండా కింద బట్ట పరిచి, పైన కాగితం పెట్టి, నాలుగువైపులా నొక్కి చూస్తుంది. పక్కన గరిజెలు, అరిసెలు, కారప్పూస, మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు. తొక్కు డబ్బా మూత చుట్టూ టేపు, ఆపైన ప్లాస్టిక్ కవరు, ఆపైన మళ్లీ టేపు. తూకం ఎక్కువైతే తీసేది తన కోసం దాచుకున్న డబ్బులనే గానీ సకినాలను కాదు. ఆ ప్రేమకు దండం పెడతాను. కానీ సకినమంటే బియ్యప్పిండి, నువ్వులు, ఉప్పు, దాన్ని వేయించిన నూనె. పండుగ మూడు రోజులు తినాల్సినదాన్ని మన పిల్లవాడు లాప్‌టాప్ ముందు కూర్చుని ఆరునెలలు తింటున్నాడు. తొక్కులో ఉప్పు సంగతి సరేసరి. జొన్నపిండి, కందిపప్పు, ఉలవలు, కుసుమలు ఆ పెట్టెల్లో నాకెప్పుడూ కనబడలేదు. జొన్నపిండి అక్కడి ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతుంది. దాన్ని కొనాలని చెప్పేవాళ్లు కావాలి.

ఇక అక్కడి దినచర్య ఫోన్లలో వింటూనే ఉన్నాం. పొద్దున ఏమీ తినరు. ఆఫీసులో ఏదో కొరుకుతారు. రాత్రి తొమ్మిదిన్నరకు పెద్ద కంచంలో అన్నం, కూర, పెరుగు, ఆ వెంటనే పడక. శనివారం బగారా అన్నం, మటను. ఆదివారం బిర్యానీ, పునుగులు, గులాబ్ జామ్. మన తాతకు ఏడాదికి నాలుగుసార్లు దొరికిన దావత్ మనవడికి నెలలో ఎనిమిదిసార్లు. తాత కాడెద్దుల వెంట రోజంతా నడిచాడు, మనవడు కారెక్కి పాలప్యాకెట్‌కు పోతున్నాడు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించవద్దని చెప్పింది. కంచంలో సగం అన్నమే అయితే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? అన్నం మానమని ఎవరూ చెప్పడం లేదు. కుప్ప తగ్గించి, పక్కన పప్పు, కూర పెంచమంటున్నారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది చదువుకునే పిల్లల సంగతి. ఒక ఫ్లాట్‌లో అయిదారుగురు. వండేది అన్నం, గుడ్లు. చేతకానప్పుడు ఫ్రిజ్‌లో ఉండే పరోటాలు. అప్పు గుర్తొస్తే నిద్ర రాదు, నిద్ర రాకపోతే సిగరెట్. పరీక్షలు చేయించుకుంటే ఎంత బిల్లు వస్తుందోనని భయం. ఛాతీలో నొప్పి వస్తే మనవాళ్ల నోట మొదటొచ్చే మాట గ్యాస్. ఒక మాత్ర మింగి, కొంచెం మజ్జిగ తాగి, పొద్దున్నే చూద్దామని పడుకుంటారు. అంబులెన్స్ పిలిస్తే వేల డాలర్లు అవుతాయని ఎవరో చెప్పిన మాట వాళ్ల చెవిలో ఉంటుంది. గుండెపోటులో పొద్దునదాకా ఆగే సమయం ఉండదు. ఆ పిల్లలకు మీ సంఘాలు గట్టిగా ఒక మాట చెప్పాలి: ఛాతీ పట్టేసినా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా ముందు 911కి ఫోన్ చేయండి, బిల్లు సంగతి తర్వాత మేం చూసుకుంటాం. ఆపద వచ్చాక మీరు ఎంత చేస్తారో ఈ జిల్లాలకు తెలుసు. అర్ధరాత్రి లేచి ఆసుపత్రులకు పోతారు, చందాలు పోగుచేస్తారు, చివరికి శవపేటికను శంషాబాద్ చేరుస్తారు. ఆ శ్రద్ధలో కొంత ఆపద రాకముందే పెట్టమని నా ప్రార్థన.

సంఘం తలుచుకుంటే తిండి మారుతుందా అని మీకు సందేహం రావచ్చు. మారుతుంది. ఫిలడెల్ఫియా నగరంలో చైనావాళ్లు నడిపే చిన్న చిన్న హోటళ్లలో ఉప్పు మరీ ఎక్కువగా ఉందని 2012లో అక్కడి ఆరోగ్యశాఖ, టెంపుల్ యూనివర్సిటీ, చైనీస్ రెస్టారెంట్ల సంఘం కలిసి ఒక పని మొదలుపెట్టాయి. రెండు వందలకు పైగా హోటళ్లు చేరాయి. వంటవాళ్లను కూర్చోబెట్టి, సాసు తగ్గించినా రుచి ఎలా నిలుస్తుందో వండి చూపించారు. కొన్నాళ్లకు పరీక్షకు పంపితే చికెన్ లో మేన్ లాంటి వంటకాల్లో ఉప్పు బాగా తగ్గింది. ఇక్కడ నాకు నచ్చింది ఒకటుంది. తినేవాళ్లకు నీతులు చెప్పి ఊరుకోలేదు, గరిటె పట్టినవాడితో మాట్లాడారు. మన ఊళ్ల పెండ్లిభోజనాల వంటవాళ్లలాగే అక్కడ మీకు వండిపెట్టే క్యాటరర్లు కూడా పేరుపేరునా మీకు తెలిసినవాళ్లే. ఆర్డరు మీది. మీరు చెప్పినట్టు వాళ్లు వండుతారు.

మీ మహాసభలకు వేలమంది వస్తారు. మూడు రోజులు, పూటకు ఇరవై రకాలు. పిల్లలు మన వంట అంటే ఏమిటో చూసేది అక్కడే. వాళ్ల కళ్లకు కనబడేది డబుల్ కా మీఠా, బొబ్బట్లు, నూనె తేలే వేపుళ్లు. ఒక పూట, ఒక్క పూట, మన పల్లె భోజనం పెట్టండి. వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, బీరకాయ కూర, అలసంద గుడాలు, మజ్జిగ. చివర్లో ఒక బత్తాయి. బత్తాయికి పేరుపడింది మా నల్లగొండే. రొట్టెలు అప్పటికప్పుడు చేతులతో కొట్టి కాల్చేవాళ్లను ముందువరుసలో నిలబెట్టండి, అక్కడ పిల్లలు గుమిగూడకపోతే నన్నడగండి. ఇది పేదరికపు గుర్తు అని మొహం చిట్లించే పెద్దవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకు నెమ్మదిగా నచ్చజెప్పండి. మీ వంటల పోటీల్లో ఎక్కువ నెయ్యి పోసినవాళ్లకు కాకుండా తక్కువ నూనెతో రుచి తెచ్చినవాళ్లకు మొదటి బహుమతి ఇవ్వండి.

భోజనాల హాలు పక్కనే ఒక గది తీసుకుని బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూసే ఏర్పాటు చేయండి. మీలో డాక్టర్లకు కొదవ లేదు. నలభై దాటాక చూద్దామనుకోవద్దు, ముప్పై నుంచే చూడాలి. నడుము చుట్టుకొలత కూడా రాయాలి. లైపోప్రొటీన్ ఏ అనే పరీక్ష గురించి మీ కార్డియాలజిస్టులతో చెప్పించండి. అది చాలావరకు పుట్టుకతో వచ్చేది, మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో కనబడదు. జీవితంలో ఒకసారి చేయించుకుంటే సాధారణంగా సరిపోతుంది. తండ్రికో మేనమామకో యాభై అయిదుకు ముందే గుండెపోటు వచ్చిన ఇంట్లోవాళ్లయితే అసలు ఆలస్యం చేయవద్దు. హాలు బయట బొమ్మమీద ఛాతీ నొక్కడం, అదే సీపీఆర్, పదినిమిషాలు నేర్పించండి. పక్కనున్నవాడికి అది వస్తే బతికేవాళ్లు ఉంటారు.

ఇక్కడి తల్లులకు చెప్పే పని మాది. మా మహిళా సంఘాల్లో, బతుకమ్మ ఆటకాడ, రిటైర్డ్ టీచర్ల సమావేశాల్లో నేను చెబుతూనే ఉన్నాను: అమెరికా పెట్టెలో సకినాలు ఒక పొట్లం చాలు, మిగతా బరువుకు ఉలవలు, అవిసెగింజల పొడి, కాల్చిన పల్లీలు సర్దండి, తొక్కులో ఉప్పు తగ్గించి చిన్న సీసాలో పంపండి అని. కొందరు వింటున్నారు, కొందరు కోపగించుకుంటున్నారు. చెప్పడం మాత్రం మానను.

మీ తరఫు పని మీరు మొదలుపెట్టండి. వచ్చే మహాసభలకు క్యాటరింగ్ ఆర్డరు ఖాయం చేసేముందు ఈ లేఖను మీ భోజనాల కమిటీలో ఒకసారి చదివి వినిపించండి. ఏ పూట జొన్నరొట్టె పెడతారో, ఏ గదిలో పరీక్షలు చేస్తారో ముందుగానే ఆహ్వానపత్రికలో అచ్చువేయించండి.

ఇట్లు,
నల్లగొండ నుంచి మీ ఆడబిడ్డ